నల్లమందు వ్యసనాపాయ నిర్ణయము: సేరుల లెక్కనుండి రోగి మాటవరకు

గసగసాల పచ్చికాయను గీరినపుడు కారు పాలు గాలి తగిలి గట్టిపడి నల్లనగును. ఆ పదార్థమునకు తెలుగువారు పెట్టిన పేరు నల్లమందు. విషమనిగాని మత్తనిగాని పిలువక మందనియే పిలిచిరి. అభిని యను మరియొక పేరు అరబ్బీలోని అఫ్యూన్ అను మాటనుండి వచ్చినది. తమిళులు అబిన్ అనియు, కన్నడిగులు అఫీము అనియు, ఒడియావారు ఆఫీమనియు దానినే వ్యవహరించుచున్నారు. కడుపునొప్పి, అతిసారము, దగ్గు, నిద్రలేమి, ఎముకల పోటు మొదలగు బాధలను ఇది శమింపజేయుననుట సత్యము. అనుదినము సేవించువానిని విడువక పట్టుననుటయు సత్యమే.

పేరులో మందున్నది, వాడుకలో వ్యసనమున్నది. ఈ రెంటి నడుమ గీత ఎచ్చట గీయవలెను? ఎవరికొసగిన ఇది మేలుచేయును? ఎవరికి విడువరాని బంధమగును? నొప్పితో వచ్చిన రోగికి మార్ఫీనునో, ట్రమడాలునో, కోడీను కలిసిన మందునో వ్రాయబోవు ప్రతి చిన్న వైద్యశాలలోను నేడీ ప్రశ్న ఎదురగుచున్నది. ఇది క్రొత్తప్రశ్న కాదు. 1893వ సంవత్సరము మొదలుకొని మనదేశమున ప్రభుత్వములును, వైద్యులును, కార్మికసంఘములను విచారించినవారును దీనికి సమాధానము వెదకుచునే యున్నారు. వారు వాడిన కొలమానములను వరుసగా పరీక్షించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ సంపుటము గంజాము కోరాపుట్టి సీమలలోను, షోలాపురము బొంబాయి నగరములలోను, తమిళ కన్నడ దేశములలోను, యానాములోను తరతరములుగా నిలిచిన తెలుగువారిని గూర్చినది. ఆ చోటులలో పెక్కు నల్లమందు చరిత్రలో పేర్కొనదగినవి. కావుననే ఈ విషయమునకు ఇచట తావు కలదని తలచితిని. నేను నిరూపింపగోరు అంశమొక్కటియే. చాలకాలము విచారకులు మండలములను కొలిచిరి, సేరులను కొలిచిరి, జాతులను కొలిచిరి. మనుష్యుని అడిగినవారు కొలది. అడిగిన ప్రతిచోటను అపాయమునకు మూలము వేరుగా కనబడినది.

1. అమ్మువాడే కొలిచిన కాలము

1857వ సంవత్సరపు చట్టముచేతను, 1878వ సంవత్సరపు చట్టముచేతను నల్లమందు పైరు, తయారీ, విక్రయము ప్రభుత్వాధీనములై యుండెను. పాట్నా, ఘాజీపూరు కర్మాగారములలో తయారైన సరకులో అధికభాగము చైనాదేశమునకు పోవుచుండెను. దేశములో వాడుకకు విడిచిన భాగము లైసెన్సు పొందిన దుకాణములలో అమ్ముడగుచుండెను. రెంటివలనను ఖజానాకు రాబడి కలుగుచుండెను.

ఈ వ్యాపారము అధర్మమని ఇంగ్లండులో ఆందోళనము పెరుగగా, 1893లో లార్డు బ్రాసీ అధ్యక్షతన రాయల్ కమీషనొకటి నియమితమయ్యెను. తొమ్మండుగురు సభ్యులలో ఇరువురు భారతీయులు: దర్భంగా మహారాజు లక్ష్మీశ్వరసింగు, జునాగడమునకు దివానుగా నుండిన హరిదాస్ విహారీదాస్ దేశాయి. వైద్యవిషయములను పరిశీలించుటకు సర్ విలియం రాబర్ట్సు అను వైద్యుడు సభ్యుడుగా నుండెను. ఏడువందలకు పైగా సాక్షులను విచారించి 1895లో కమీషను నివేదిక నొసగెను. భారతదేశమున సామాన్యముగా జరుగు మితసేవనమువలన విస్తారమైన శారీరక నైతిక పతనము కలుగుట లేదనియు, వైద్యావసరములకు తప్ప దానిని నిషేధింపవలసిన పనిలేదనియు దాని సారాంశము. సభ్యులలో హెన్రీ విల్సను అనునతడు భిన్నాభిప్రాయమును ప్రకటించెను.

ఈ నివేదికయందలి దోషము సాక్షుల సంఖ్యలో లేదు, ప్రశ్నలో నున్నది. సాక్షులలో అధికారులును, వైద్యులును, భూస్వాములును అనేకులు. వారిని అడిగినది జనసమూహములను గూర్చి: ఈ మండలమువారు బలిష్ఠులా, ఈ జాతివారు మితముగా సేవింతురా, వారిలో నేరములు హెచ్చా అని. సిక్కులు సేవించియు శూరులైరనియు, రాజపుత్రులు సేవించియు చెడలేదనియు సమాధానములు వచ్చినవి. ఒక జాతి చెడలేదన్నంతమాత్రమున అందలి ఒక మనుష్యుడు చెడలేదని సిద్ధింపదు. నూరుమందిలో తొంబదిమంది మితముగా సేవించినను, తక్కిన పదిమంది ఎవరు, వారిని ముందుగా గుర్తించుట యెట్లు అను ప్రశ్న మిగిలియే యుండును. వైద్యునకు కావలసినది ఆ ప్రశ్నయే. కమీషను దానిని అడుగలేదు. సరకు నమ్ముకొని రాబడి పొందు ప్రభుత్వమే ఆ సరకుయొక్క అపాయమును కొలిపించుచుండుటచేత, అడుగవలెనను తొందరయు లేకపోయెను.

2. మన్యపు జ్వరము

కమీషను ఎదుట మాటిమాటికి వచ్చిన వాదమొకటి కలదు: నల్లమందు చలిజ్వరమును అడ్డుకొనునని. దక్షిణదేశమున ఈ వాదము తెలుగువారికి అత్యంత పరిచితము. మద్రాసు రాజధానిలో నల్లమందు వాడుక అధికముగా నుండినది ఉత్తర సర్కారులలోనే. అందును గోదావరి, విశాఖపట్టణము, గంజాము మండలముల ఏజెన్సీ సీమలకు ఈ విషయమున ప్రసిద్ధి కలదు. ఆ సీమలలో కొంతభాగము 1936వ సంవత్సరము ఏప్రిలు 1న ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. అంతవరకు మద్రాసు రాజధానిలో నుండిన గంజాము, జయపురము ప్రాంతముల తెలుగు కుటుంబములు అట్లే అచట నిలిచిపోయినవి. మైదానమునుండి ఉద్యోగమునకో వర్తకమునకో కొండలకు పోయినవానికి మన్యపు జ్వరమన్న భయము మెండు. కొండలలో పుట్టినవానికి అది ఏటేట వచ్చు చుట్టము.

వైద్యులలో కొందరు ఈ నమ్మకమునకు శాస్త్రాధారమును చూపబూనిరి. హిందూదేశపు నల్లమందులో మెండుగా నుండు నార్కోటీను అను పదార్థము జ్వరహరమని వారి వాదము. సర్ విలియం రాబర్ట్సు దీనిని సాకల్యముగా చర్చించెను. కాని మలేరియాకు కారణమైన సూక్ష్మజీవిని లావెరాన్ 1880లోనే కనుగొని యుండెను. అది దోమలయందు పెరుగుచున్నదని రొనాల్డు రాస్ 1897వ సంవత్సరము ఆగస్టు 20న సికింద్రాబాదులో కనుగొనెను. ఆ జీవిని చంపునది క్వినైను, నల్లమందు చంపదు. నల్లమందు చేయునది వేరు. చలిని మరపించును, ఒడలినొప్పిని అణచును, అతిసారమును కట్టును, నిద్రపుచ్చును. రోగి తనకు జ్వరము తగ్గినదనుకొనును; జ్వరముయొక్క బాధ మాత్రమే తగ్గినది.

ఈ విషయమున కొండసీమలవారిని నిందించుట న్యాయము కాదు. వారికి అందుబాటులో నుండిన మందు అదియే. తపాలాకార్యాలయములద్వారా కాలణా క్వినైను పొట్లములను అమ్ముట బెంగాలులో 1892లో మొదలయ్యెను. అది ఇతర రాష్ట్రములకు తరువాతగాని వ్యాపింపలేదు. నిజమైన మందు దూరమున నుండి, నొప్పిని మరపించు మందు చేరువలో నుండినపుడు మనుష్యుడు ఎద్దానిని చేపట్టునో చెప్పనక్కరలేదు. ఇట్లు కొండలలో వ్యసనాపాయమునకు తొలిగుర్తు జాతిస్వభావము గాదు, మాన్పబడని జ్వరము.

3. సేరుల లెక్క

మొదటి ప్రపంచయుద్ధానంతరము ఈ విషయము నానాజాతి సమితి చేతికి వచ్చెను. వైద్యావసరములకు సాలునకు పదివేలమందికి ఆరు సేరుల నల్లమందు చాలునని యొక ప్రమాణమేర్పడెను. సేరనగా ఎనుబది తులములు, నేటి కొలతలో సుమారు 933 గ్రాములు. ఆ ప్రమాణముచొప్పున తలకు సాలునకు అరగ్రాముకంటె కొంచెము హెచ్చగును.

ఈ ప్రమాణముతో పోల్చి 1920 తరువాతి సంవత్సరములలో ప్రకటింపబడిన పట్టికలలో పదివేలమందికి కలకత్తాలో 144 సేరులు, బాలసోరులో 56, బొంబాయిలో 43, షోలాపురములో 35, మద్రాసు నగరములో 26 అని కనబడును. ఇట్టి స్థలములకు నల్లచుక్కలని పేరు వచ్చినది. ఈ అంకెలు ప్రజల కన్నులు తెరపించినవి. ప్రమాణమునకు మించి ఇన్ని రెట్లు అమ్ముడగుచున్నదని తెలిసినపిమ్మట, హిందూదేశమున వాడుక వైద్యార్థమే యను వాదము నిలువలేకపోయెను. ఇంతవరకు సేరుల లెక్క మేలే చేసినది.

కాని ఆ లెక్క వ్యసనపరుని చూపగలదా? షోలాపురపు అంకెనే తీసికొందము. 35 సేరులనగా సుమారు 32,650 గ్రాములు. దినమునకొక గ్రాము తిను గట్టి వ్యసనపరుడు సాలునకు 365 గ్రాములు తినును. ఆ లెక్కను పదివేలమందిలో 89 మంది వ్యసనపరులున్నచో దుకాణములలోని సరకంతయు చెల్లిపోవును. దినమునకు గ్రాములో పదియవవంతు చొప్పున తినువారైనచో వారి సంఖ్య సుమారు 890 కావలెను. ఊరు ఒకటియే, అంకె ఒకటియే. మొదటిది నూటికొక్కనికి తక్కువ. రెండవది నూటికి తొమ్మండుగురు. మొదటి యూరిలో వైద్యుడు కొలదిమంది గట్టిరోగులను చూడవలసియుండును. రెండవ యూరిలో ఇంటింట తొంగిచూడవలసియుండును. సగటు ఈ భేదమును చెప్పదు.

అదియునుగాక దుకాణపు లెక్క దుకాణమున అమ్మినదానినే చూపును. దొంగసరకు దానికి చిక్కదు. పరిపాలన సరిహద్దు దాటినది దానికి కనబడదు. గోదావరి మండలమునడుమ నుండియు 1954వరకు ఫ్రెంచివారి పాలనలో నుండిన యానాము బ్రిటిషువారి దుకాణముల లెక్కలలో చేరలేదు. ఏరు ఒకటి, గాలి ఒకటి, భాష ఒకటి. లెక్కలు మాత్రము రెండు.

4. ఊయెల చెంత

సేరుల పట్టికలో బొంబాయి, షోలాపురములు ప్రక్కప్రక్కన కనబడుట కాకతాళీయము కాదు. రెండును నూలుమిల్లుల ఊళ్లు. రెంటికిని తెలంగాణమునుండి జీవనార్థము పోయి స్థిరపడిన తెలుగువారు పెక్కుమంది. బొంబాయిలోని కామాఠిపురము అట్లు వచ్చిన కామాఠీల పేరనే వెలసినది. షోలాపురపు పద్మశాలీల మగ్గములు నేటికిని ప్రసిద్ధములు.

మిల్లులలో పనిచేయు స్త్రీలు పసిబిడ్డలకు బాలగోలి యను చిన్నమాత్రలు వేయుచుండిరి. అందు నల్లమందుండెడిది. బొంబాయి ప్రభుత్వము నియమించిన వైద్యురాలు బార్న్స్ గారు విచారించి ఒసగిన నివేదిక 1922లో ప్రకటితమయ్యెను. కార్మికస్త్రీల శిశువులలో నూటికి 98 మందికి నల్లమందు పెట్టబడుచున్నదని అందు కలదు. ఆ నివేదిక మిల్లుపనిని గూర్చి మాటలాడినది. ఏ ఒక్క భాషవారిని గూర్చియు కాదు. ఆ పనిలో నుండిన అన్ని భాషల తల్లులకును అపాయ మొక్కటే.

ఇచట విచారణపద్ధతి మారుటను పాఠకులు గమనింపవలెను. వైద్యురాలు దుకాణమునకు పోలేదు. తల్లి యొద్దకు పోయినది. ఎంత యని మాత్రమే గాక ఎందుకని అడిగినది. సమాధానము సరళము. తల్లి పొద్దస్తమానము యంత్రమునొద్ద నుండవలెను. బిడ్డను చూచువారు లేరు. బిడ్డ ఆకలితో ఏడ్చిన చెంతకు పోవుటకు వీలులేదు. మాత్ర వేసినచో నిద్రించును. ఆ తల్లికి మత్తుమీద మోజులేదు, బిడ్డమీద ద్వేషములేదు. ఆమెకు లేనిది ఒక మనిషి తోడు.

కారణము తెలిసినపిమ్మట చికిత్సయు తెలిసినది. విట్లీ అధ్యక్షతన 1929లో నియమితమై 1931లో నివేదిక నొసగిన రాయల్ లేబరు కమీషను ఈ దురభ్యాసమును పేర్కొని, స్త్రీలు పనిచేయు కర్మాగారములలో శిశుశాలలు నెలకొల్పవలెనని సూచించెను. 1934వ సంవత్సరపు కర్మాగారముల చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలున్నచోట శిశువులకు గది ఏర్పరుపుమని శాసించు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకిచ్చెను. 1948వ సంవత్సరపు చట్టము దానిని తప్పనిసరి చేసెను. నల్లమందు మాత్రకు విరుగుడు ఒక గదియు, ఒక దాదియు! సేరుల పట్టిక ఎన్నటికిని ఈ మాట చెప్పియుండదు.

5. రోగిని అడిగిన వైద్యుడు

ఇదేకాలమున కలకత్తాలోని ఉష్ణమండల వైద్యపాఠశాలలో రామనాథ చోప్రా నల్లమందు అలవాటును వైద్యదృష్టితో పరిశోధింప మొదలిడెను. ఆయన పరిశోధన 1920-30 దశకమున వెలువడ నారంభించెను. వ్యసనపరులను ఒక్కొక్కరినే పరీక్షించి, ఏ వయస్సున మొదలిడిరి, ఎందుచేత మొదలిడిరి, ఎంత తినుచున్నారు, శరీరమెట్లున్నదని వివరములను సేకరించుట ఆయన పద్ధతి. అందు తేలిన ముఖ్యవిషయము: మొదలిడుటకు కారణము సుఖాపేక్ష యొక్కటియే కాదు. వ్యాధిబాధయు, కఠినమైన చాకిరియు, స్నేహితుల సాంగత్యమును, నలుగురు చేయు ఆచారమును కారణములుగా కనబడినవి. మందుగా మొదలైనది మందుగానే నిలిచినవారును కలరు. మందుగా మొదలై బంధమైనవారును కలరు.

ఈ భేదమును నేటి వైద్యశాస్త్రము మరింత స్పష్టపరచినది. కొన్నివారములు క్రమముగా నల్లమందు జాతి ఔషధమును పుచ్చుకొన్నచో ఎవరి శరీరమైనను దానికి అలవడును; చాలిన మోతాదు చాలకపోవును; ఆపినచో ముక్కు కారును, ఒడలు నొచ్చును, కడుపు కదలును, నిద్ర రాదు. ఇది శరీరధర్మము. వ్యసనము వేరు: హాని కలుగుచున్నదని తెలిసియు మానలేకుండుట, పని, సంసారము, ధనము చెడుచున్నను దానినే వెదకుట. 2013లో అమెరికా మనోవైద్యులు ప్రకటించిన నిర్ణయగ్రంథము పదునొకండు లక్షణములను పేర్కొని, ఒక సంవత్సరములోపల రెండైనను కనబడినచో వ్యాధి యున్నదని చెప్పుచున్నది. కాని వైద్యుని ఆజ్ఞచొప్పున మందు పుచ్చుకొను రోగికి మోతాదు పెరుగుటను, ఆపినపుడు బాధ కలుగుటను ఆ లెక్కలో చేర్పరాదని అందే కలదు. క్యాన్సరు నొప్పికి మార్ఫీను వాడువాడు వ్యసనపరుడు కాడు.

6. నిషేధము, నొప్పి

స్వాతంత్ర్యానంతరము 1949లో జరిగిన అఖిలభారత సమావేశములో, వైద్యేతరమగు నల్లమందు విక్రయమును క్రమముగా తగ్గించి పదియేండ్లలో నిలుపవలెనని నిశ్చయించిరి. 1959వ సంవత్సరము మార్చి 31వ తేదీ దానికి గడువు. అటుపిమ్మట వైద్యుని ధ్రువపత్రముతో నమోదైన పాత అలవాటుదారులకు మాత్రమే నియతపరిమాణమున ఇచ్చు ఏర్పాటు నిలిచెను. ఇందొక వివేకము కలదు. అపాయనిర్ణయము దుకాణమునుండి వైద్యుని బల్లకు వచ్చినది. ఒక్కొక్క మనుష్యుని పేర ఒక్కొక్క నిర్ణయము జరిగినది.

1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చెను. అక్రమవ్యాపారము నణచుట దాని ఉద్దేశము. శిక్షలు కఠినములు, అనుమతులు పెక్కు. ఫలితముగా ఆసుపత్రులును మందుల దుకాణములును మార్ఫీనును నిలువచేయుటకే జంకినవి. నల్లమందును చట్టబద్ధముగా పండించు దేశములోనే క్యాన్సరు రోగులు మార్ఫీను దొరకక బాధపడవలసి వచ్చెను. వ్యసనాపాయమును జనులందరికి సమముగా పంచి చూచుటవలన కలిగిన రెండవ అనర్థమిది. మొదటి కాలమున ఎవరికిని అపాయము లేదనిరి. రెండవ కాలమున అందరికిని అపాయమే యనిరి. రెంటను మనుష్యుడు కనబడలేదు. 2014లో చట్టమును సవరించి, అవశ్యకములగు నొప్పిమందులను గుర్తింపు పొందిన వైద్యశాలలకు సులభముగా చేరునట్లు చేసిరి. మరియొక వంక, చిన్న వైద్యశాలలలో విరివిగా వ్రాయబడుచుండిన ట్రమడాలును 2018లో ఆ చట్టము క్రిందికి తెచ్చిరి.

7. ప్రశ్నావళుల యుగము

ఇంతలో పరదేశమున మరియొక పాఠము సిద్ధమైనది. 1980లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో చిన్న లేఖ ప్రచురితమయ్యెను. ఆసుపత్రిలో నుండగా నల్లమందు జాతి ఔషధములు పొందిన 11,882 మందిలో నలుగురికి మాత్రమే వ్యసనము కనబడినదని అందు కలదు. ఆసుపత్రిలో కొలదిదినములు పొందినవారి సంగతి యది. దానిని ఇంటియొద్ద నెలలతరబడి వాడువారికి అన్వయించి, అపాయము నూటికి ఒక్కటియైన లేదని చాటిరి. ఈ లేఖను 2017వరకు 608 పర్యాయములు ఉదాహరించిరనియు, అందు అత్యధికులు రోగులు ఆసుపత్రిలోనివారను మాట విడిచిరనియు తరువాత లెక్క తేలినది. 1996లో ఆక్సీకాంటిన్ అను మాత్ర విపణికి వచ్చెను. దాని తయారీసంస్థకు చెందిన పర్డ్యూ ఫ్రెడరిక్ కంపెనీ, వ్యసనాపాయమును తక్కువచేసి చెప్పినట్లు 2007లో న్యాయస్థానమున అంగీకరించెను. అమ్మువాడే అపాయమును కొలిచిన 1895 నాటి కథ నూరేండ్ల పిమ్మట మరల నడచెను.

దీనికి విరుగుడుగా ప్రశ్నావళులు పుట్టినవి. 2005లో వెబ్‌స్టర్ అను ఇంటిపేరుగల ఇరువురు ప్రకటించినది ప్రసిద్ధము. కుటుంబములో మద్యము, మత్తుమందుల అలవాటు. రోగికే పూర్వము అలవాటు. 16 మొదలు 45 లోపు వయస్సు. బాల్యమున జరిగిన అత్యాచారము. మానసికవ్యాధి అను అంశములకు అంకెలు వేసి, మొత్తము 3 వరకు స్వల్పాపాయము, 4 మొదలు 7 వరకు మధ్యమము, 8 మొదలు అధికము అని విభజించిరి. 185 మంది రోగులలో అది చక్కగా పనిచేసినది. కాని వారందరు ఒక నొప్పివైద్యశాలలోనివారు. 2019లో అనేక పరిశోధనలను కలిపి పరిశీలించినపుడు, ఇట్టి ప్రశ్నావళులలో ఏదియు మందు మొదలిడుటకు ముందు అపాయమును నమ్మదగినట్లు చెప్పజాలదని తేలినది. పూర్వపు వ్యసనము, కొన్ని మానసికవ్యాధులు, మనోవ్యాధులకు వాడు మందులు, ఇవి మాత్రము నిలిచిన గుర్తులు.

ప్రపంచారోగ్యసంస్థ ప్రాథమిక వైద్యశాలలకై సిద్ధపరచిన ప్రశ్నావళి పద్ధతి వేరు. పుగాకు, మద్యము మొదలుకొని నల్లమందువరకు ఒక్కొక్క పదార్థమును పేరుపెట్టి అడిగి, అంకెనుబట్టి అప్పటికప్పుడే నాలుగు హితవాక్యములు చెప్పి, అవసరమైనవారిని పెద్ద వైద్యశాలకు పంపుమనును. రేపేమి జరుగునని జోస్యము చెప్పదు. నేడేమి జరుగుచున్నదని అడుగును. దానిని పరీక్షించిన దేశములలో భారతదేశమొకటి.

8. ఏ భాషలో అడుగవలెను?

2019లో ప్రకటితమైన జాతీయ పరిశీలనము ప్రకారము దేశజనులలో నూటికి 2.1 వంతు నల్లమందు జాతి పదార్థములను వాడుచున్నారు. నాటు నల్లమందు నేడు వెనుకబడినది. హెరాయిన్ మొదటిస్థానమున, వైద్యశాల మందులు రెండవస్థానమున నున్నవి. అనగా అపాయమునకు తలుపు తెరచునది కొన్నిచోటుల నొప్పిమందు చీటియే కావచ్చును. ఆ చీటి వ్రాయువాడు ఊరి వైద్యుడు.

ఆయన అడుగవలసినవి పైచరిత్రలోనే యున్నవి. నొప్పి ఎక్కడిది, దాని మూలమునకు చికిత్స జరిగినదా అనునది మన్యపు జ్వరము నేర్పిన ప్రశ్న. ఇంటియొద్ద ఎవరున్నారు, పని ఎట్టిది, మందు ఎవరి చేతిలో నుండుననునది బొంబాయి ఊయెల నేర్పిన ప్రశ్న. ఎప్పుడు మొదలిడితిరి, దేనికొరకు అనునది చోప్రా నేర్పిన ప్రశ్న. మద్యము, నిద్రమాత్రలు వాడుచున్నారా యనునది తప్పక అడుగవలెను. నల్లమందు జాతి ఔషధమునకు అవి తోడైనచో శ్వాస నిలిచిపోవు ప్రమాదము కలదు. ఒకనాడడిగి ఊరకుండుట చాలదు. మొదట స్వల్పకాలమునకే ఇచ్చి, మరల పిలిచి, మరల అడుగవలెను. అపాయము కనబడినను మందును ఒక్కమారుగా ఆపరాదు. అట్లు ఆపుటవలన కలుగు కీడును గూర్చి 2019లో అమెరికా ఔషధశాఖ ప్రత్యేకముగా హెచ్చరించెను.

ఈ ప్రశ్నలు రోగి హృదయమునకు చేరవలెనన్న అతని ఇంటిమాటలో అడుగవలెను. ఇచటనే ప్రవాసాంధ్రుల విషయము ప్రత్యేకమగుచున్నది. బరంపురములో తెలుగు రోగికి ఒడియా వైద్యుడు, షోలాపురములో మరాఠీ వైద్యుడు, మదురలో తమిళ వైద్యుడు కలుగుట సహజము. మనవారు ఆ భాషలను చక్కగా మాటలాడుదురు. బజారునకు, కచేరికి అవి చాలును. కాని సిగ్గుతో చెప్పవలసిన సంగతి ఇంటిభాషలోనే నోటికి వచ్చును. తెలుగులోనే అడిగినను మాట ఎంచుకొనవలెను. మందు పుచ్చుకొందురా యని అడిగినచో నేటి వాడుకలో ఔషధమో మద్యమో తెలియదు. వ్యసనమున్నదా యని అడిగినచో లేదనుటయే సమాధానము; ఆ మాటలోనే నింద యున్నది. అలవాటు అను మాటలో నింద లేదు. నిద్రకు, నొప్పికి దినమును ఏమి వేసికొందురని అడిగినచో నిజము వచ్చును.

కావున ఇట్టి సంఘములు చేయదగిన పనులు రెండు కలవు. మొదటిది, గంజాము, కోరాపుట్టి, షోలాపురము, బొంబాయి ప్రాంతములలోని తెలుగు వృద్ధులనుండి నల్లమందును గూర్చిన కుటుంబస్మృతులను పేరులు బయటపడకుండ సేకరించుట. ప్రభుత్వపు లెక్కలలో లేని చరిత్ర అందు దొరకును. రెండవది, ప్రాథమిక వైద్యశాలలకు తగిన ప్రశ్నలను ఇంటి తెలుగులో, ఆయా ప్రాంతముల పలుకుబడికి సరిపడునట్లు వైద్యులచేత వ్రాయించి, అచటి వైద్యులకు అందజేయుట. నూటముప్పది యేండ్లుగా సేరులును, జాతులును, అంకెలును చెప్పలేకపోయిన సంగతిని రోగి తన నోటితో చెప్పగలడు. అడుగువారికి అతని మాట తెలిసియుండవలెను.